రెండూ గ్రేడ్-ఏ వడ్లే, ఒకదానికే బోనస్ ఎందుకు?

ప్రశ్న: వానాకాలంలో రెండెకరాల్లో తెలంగాణ సోనా, నీళ్లు ఆలస్యమైన ఎకరంన్నరలో ఎంటీయూ 1010 వేశాను. 1010 సంచి మీద ‘కాటన్‌దొర సన్నాలు’ అనే ఉంది. కొనుగోలు కేంద్రంలో రెంటికీ గ్రేడ్-ఏ ధరే కట్టారు. 500 రూపాయల బోనస్ మాత్రం సోనాకే రాశారు, 1010 దొడ్డు రకమన్నారు. సోనా కుప్పలో కూడా దొడ్డు గింజలు కలిశాయని మొదట వెనక్కి పంపారు. ఆ మడుల్లో యాసంగిలో 1010 ఉండేది. యూరియా ఎక్కువైతే సన్నగింజ లావెక్కుతుందని కొందరంటున్నారు, నిజమేనా? వచ్చే పంటకు ఏం జాగ్రత్త పడాలి?
– ఒక రైతు, ఇబ్రహీంపట్నం మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీ 1010కి గ్రేడ్-ఏ ధర కట్టడమూ సరైనదే, బోనస్ రాయకపోవడమూ సరైనదే. ఒకటి కేంద్ర ప్రభుత్వం పెట్టిన కొలత, రెండోది రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కొలత. రసీదులో పక్కపక్కనే కనిపించేసరికి రెండూ ఒకటే అనిపిస్తాయి.

కేంద్రం మద్దతు ధర కోసం చూసేది బియ్యపు గింజ పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒక్కటే. అది 2.5 లేదా అంతకు మించితే గ్రేడ్-ఏ, తగ్గితే కామన్. పూర్వం కామన్, ఫైన్, సూపర్‌ఫైన్ అని మూడు తరగతులుండేవి. 1997–98 నుంచి పై రెంటినీ కలిపి గ్రేడ్-ఏ చేశారు. ఇప్పుడు కామన్, గ్రేడ్-ఏ మధ్య తేడా క్వింటాలుకు 20 రూపాయలే. 2025–26లో కామన్ 2,369, గ్రేడ్-ఏ 2,389. ఈ లెక్కలో గింజ ఎంత పొడుగున్నా ఫరవాలేదు, దానికి తగ్గ సన్నదనం ఉంటే చాలు.

తెలంగాణలో 2024 వానాకాలం నుంచి ఇస్తున్న బోనస్‌కు మూడు షరతులున్నాయి. గింజ పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, నిష్పత్తి 2.5 దాటాలి. 1010 పొడవు సన్నగింజ రకం. నిష్పత్తి దాదాపు 3 వస్తుంది కాబట్టి గ్రేడ్-ఏకి సరిపోతుంది, పొడవు 6 దాటుతుంది కాబట్టి బోనస్‌కు సరిపోదు. పేరులో ‘సన్నాలు’ ఉన్నా మన మార్కెట్‌లో అది ఏనాడూ దొడ్డు రకమే. విత్తనం కొనేటప్పుడు సంచి మీద ముద్దుపేరు కాకుండా రకం నంబరు చూడండి. సాంబ మషూరి (బీపీటీ 5204), తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048), హెచ్‌ఎంటీ సోనా, జైశ్రీరాం, జేజీఎల్ 1798, కేఎన్‌ఎం 1638 లాంటివి సన్నాలు. మొన్నటిదాకా రైతు తలనొప్పి అంతా తేమ, తాలు దగ్గరే ఉండేది. వరికి మద్దతు ధరలు రెండున్నా 20 రూపాయల కోసం ఎవరూ గింజ కొలవలేదు. 500 రూపాయల బోనస్ వచ్చాక గింజ కొలిచే గ్రెయిన్ కాలిపర్ కొనుగోలు కేంద్రం బల్ల మీదికి వచ్చింది.

కొలత మీరు ఇంట్లోనే వేసుకోవచ్చు, కాలిపర్ అక్కర్లేదు. కుప్పలో నాలుగైదు చోట్ల, లోపలి నుంచి కూడా, పిడికెడేసి వడ్లు తీసి కలపండి. చేత్తో పొట్టు ఒలిచి, మొన విరగని 10 బియ్యపు గింజలు ఏరండి. నల్లటి గుడ్డ మీద స్కేలు పెట్టి, గింజలను మొన మొనకు ఆనించి వరసగా పేర్చండి. వరస 52 మిల్లీమీటర్లు వస్తే ఒక గింజ 5.2. తర్వాత అవే గింజలను పక్కపక్కన పేర్చండి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బియ్యపు గింజ కొంచెం అణిగిన ఆకారంలో ఉంటుంది కదా, అంచు మీద నిలబెడితే మీరు కొలిచేది వెడల్పు కాదు, మందం. మందం ఎప్పుడూ తక్కువే వస్తుంది. గింజలన్నీ వెల్లకిలా పడుకుని ఉండాలి. అలా 18 మిల్లీమీటర్లు వస్తే గింజ వెడల్పు 1.8, 5.2ను 1.8తో భాగిస్తే 2.9 దాకా వస్తుంది, సన్నం కిందే లెక్క. అదే వరస పొడవు 62, వెడల్పు 21 వచ్చిందనుకోండి, నిష్పత్తి 2.95 అయినా పొడవు దగ్గరా వెడల్పు దగ్గరా తప్పిపోతుంది. మూడుసార్లు వేరువేరు గింజలతో చేసి సగటు తీయండి. పొట్టు మాత్రమే తీసిన ముడిబియ్యం, పాలిష్ పట్టిన బియ్యం కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉంటుంది. అంచున ఉన్న రకానికి ఆ కొంచెమే తేడా తెస్తుంది.

యూరియా మాట నిజం కాదు. గింజ పెరిగేది పొట్టు లోపలే. పొట్టు కొలతలు రకం లక్షణం, అవి పూత నాటికే ఖాయమై ఉంటాయి. గింజ ముందు పొడవుకు, తర్వాత వెడల్పుకు, చివర మందానికి నిండుతుంది. ఎరువు ఎంత వేసినా పొట్టు దాటి పెరగదు. యూరియా ఎక్కువైతే వచ్చే నష్టం వేరు: పైరు పడిపోవడం, అగ్గితెగులు, గింజ ఎడాపెడా పండి పచ్చిగింజ మిగలడం. సాంబ మషూరికి అగ్గితెగులు, మెడ విరుపు బెడద ఎక్కువ, సోనా తట్టుకుంటుంది.

ఇక అసలు సంగతి, మీ సోనాలో కలిసిన దొడ్డు గింజలు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లో తక్కువ తరగతి గింజల కలయిక 6 శాతం దాకా చెల్లుతుంది. అది గ్రేడ్-ఏలో కామన్ రకం కలిసినప్పటి మాట. 1010 కూడా గ్రేడ్-ఏ కనుక అక్షరాలా చూస్తే ఆ నిబంధన కిందికి రాదు. కానీ సన్నమని బోనస్ రాసేటప్పుడు కొనుగోలు కేంద్రంలోనూ మిల్లులోనూ దాన్ని కల్తీగానే చూస్తారు. మిల్లు వాళ్లకు కారణం ఉంది. పొట్టు తీసే రబ్బరు రోలర్ల సందు సన్నగింజకు బిగిస్తే దొడ్డుగింజ విరిగి నూక అవుతుంది, దొడ్డుకు వదులు చేస్తే సన్నగింజ పొట్టుతోనే బయటికి వస్తుంది.

ఇందులో కంటికి కనిపించని లెక్క ఒకటుంది. సోనా వెయ్యి గింజలు దాదాపు 13 గ్రాములు తూగితే, 1010 వెయ్యి గింజలు 23, 24 గ్రాములు తూగుతాయి. శాతం లెక్కించేది బరువులో. వంద గింజల్లో నాలుగే దొడ్డువి కనిపించినా బరువులో అవి 7 శాతం. అందుకే మూడు వందల గింజలు లెక్కపెట్టండి. అందులో మూడు నాలుగు దొడ్డు గింజలకు మించితే కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లే ముందే ఆలోచించాలి.

విత్తనంలోనే కల్తీ ఉందా అంటే, ధ్రువీకరణ ట్యాగు ఉన్న వరి విత్తనంలో గుర్తుపట్టగల ఇతర రకాల గింజలు కిలోకు 20 మించకూడదు. సోనా కిలోకు 75 వేల గింజల పైచిలుకు తూగుతుంది, దాంట్లో 20 అంటే ఏమీ లేనట్టే. ట్యాగున్న విత్తనమే వేసి ఉంటే మీ కల్తీ మడిలోనో హార్వెస్టర్‌లోనో పుట్టింది. యాసంగిలో రాలిన 1010 గింజలే మొలిచాయని నా అనుమానం.

నాట్లకు మూడు వారాల ముందే మడికి తడి ఇచ్చి వదలండి. వారం పది రోజుల్లో రాలుగింజ మొలుస్తుంది, దమ్ము చేసి తొక్కేయండి. మళ్లీ వారం ఆగి రెండో దమ్ము చేసి నాటండి. ఒకే దమ్ముతో వెంటనే నాటితే ఆ మొలకలు నాట్లతో కలిసి లేస్తాయి, ఆ దశలో ఎవరూ గుర్తుపట్టలేరు. వరసల మధ్య మొలిచిన మొక్కను మొదటి కలుపులోనే పీకేయండి. సోనా 125 రోజుల పంట, 1010 దానికంటే వారం ముందు కోతకొస్తుంది. కాబట్టి సోనా పొట్టమీద ఉండగానే అక్కడక్కడా వెన్ను తొంగిచూసిందంటే అవి కేళీలే (వేరే రకం మొక్కలే), వేళ్లతో సహా పీకి గట్టు దాటించండి. గింజ గట్టిపడ్డాక ఇంకోసారి మడి తిరగండి.

హార్వెస్టర్ ఏ మడి నుంచి వచ్చిందో అడగండి. దొడ్డు వడ్లు కోసి వచ్చిన మిషన్ అయితే ట్యాంకు, ఎలివేటర్ అడుగు మూతలు విప్పించి, ఐదు పది నిమిషాలు ఖాళీగా ఆడించండి. అయినా మొదటి రెండు మూడు బస్తాల వడ్లు విడిగా పోయండి. కల్లంలో టార్పాలిన్ దులపకుండా ఒక రకం ఎత్తి ఇంకో రకం పోయడంతోనూ బస్తాల కొద్దీ పాడవుతాయి.

తేమ హద్దు 17 శాతం. 21 శాతంతో తెచ్చిన క్వింటాలు వడ్లు 17కి ఆరితే సుమారు 95 కిలోలు అవుతాయి. ఆ ఐదు కిలోలు నీళ్లే, వాటి కోసం కేంద్రంలో నాలుగు రోజులు పడిగాపులు కాయొద్దు, ముందే ఆరబెట్టి తీసుకెళ్లండి. సన్నాలను మాత్రం మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద పల్చగా పరవకండి, గింజ లోపల పగులు పట్టి మరలో నూక అవుతుంది. రెండంగుళాల మందాన పరిచి గంటకోసారి కలియబెట్టండి. తాలు, పచ్చిగింజ 3 శాతం, రంగు మారినవి, పుచ్చినవి, మొలకెత్తినవి అన్నీ కలిపి 5 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డీగాదం 1 శాతం దాటకూడదు. కాటుక తెగులు వచ్చే మడుల్లో చిరుపొట్ట దశలో ప్రొపికొనజోల్ లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున సాయంత్రం పూట కొడితే రంగు మారిన గింజ తగ్గి ఆ 5 శాతం దగ్గర ఇబ్బంది తగ్గుతుంది.

సోనా, 1010 పక్కపక్కనే వేయక తప్పకపోతే సోనాను ముందు కోయించండి. పంట నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు ఏ సర్వే నంబరులో ఏ రకమో విడివిడిగా రాయించండి. కేంద్రంలో ట్యాబ్‌లో ఎక్కించేటప్పుడు సన్నం అని నొక్కారో దొడ్డు అని నొక్కారో అక్కడే నిలబడి చూసుకోండి, లారీ కదిలాక దిద్దించడం కష్టం. విత్తన సంచి ట్యాగు, బిల్లు, అర కిలో విత్తనం పంట అమ్మి డబ్బు పడేదాకా దాచండి.