ఎంజీఎంలో టెస్టోస్టెరాన్ లోపానికి వైద్యం ఎలా మొదలుపెట్టాలి?

వరంగల్‌లో సర్కారు దవాఖానకు పోతే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తక్కువకు వైద్యం చేస్తారా అని అడిగారు. ముందు ఎంజీఎంలో ఓపీ చీటీ రాయించుకుని జనరల్ మెడిసిన్ డాక్టర్‌ను కలవండి. సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

టెస్టోస్టెరాన్ పరీక్షకు రక్తం పొద్దున 7 నుంచి 10 గంటల మధ్య, పరగడుపున ఇవ్వాలి. మధ్యాహ్నానికి ఈ హార్మోన్ దానంతటదే తగ్గుతుంది, ఆ రిపోర్టును నమ్మలేం. లక్షణాలుండి, రెండు వేర్వేరు రోజుల్లో డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తేనే సాధారణంగా లోపం అంటారు. ఎల్‌హెచ్ (టెస్టోస్టెరాన్ తయారుచేయమని వృషణాలకు చెప్పే హార్మోన్) పరీక్షతో సమస్య వృషణాల్లోనా, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోనా తెలుస్తుంది.

పిల్లలు కావాలనుకుంటే ఆ మాట మొదటే చెప్పండి. టెస్టోస్టెరాన్ సూది వీర్యకణాల తయారీని ఆపేయగలదు. అందుకే జిమ్‌లో ఎవరో ఇచ్చింది వేయించుకోవద్దని బతిమాలుతున్నా. వైద్యం మొదలయ్యాక హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూపించుకుంటూ ఉండాలి, రక్తం చిక్కబడే ప్రమాదం ఉంది.