కామెర్ల వైరస్ పోయినా కాలేయం ఎందుకు కోలుకోదు?

విశాఖపట్నం గాజువాక నుంచి వచ్చిన ప్రశ్న: ‘మా అక్కకు వానాకాలంలో హెపటైటిస్ ఎ వచ్చింది. కామెర్లు తగ్గినా, ఆరు నెలల తర్వాత కూడా కాలేయ ఎంజైములు దిగలేదు. ఇప్పుడు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటున్నారు. వైరసే కారణమా?’

వైరస్ నిప్పు రాజేసి ఉండవచ్చు, అంతే. హెపటైటిస్ ఎ దీర్ఘకాలిక వ్యాధిగా మారదు. కానీ జన్యుపరంగా మొగ్గు ఉన్నవారిలో, వైరస్‌తో పోరాడిన రోగనిరోధక వ్యవస్థ ఆ తర్వాత సొంత కాలేయ కణాల మీదే దాడి కొనసాగించవచ్చు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటే ఇదే. అలాంటి రోగుల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలామందిలో మాత్రం ఏ వైరస్ ఆనవాలూ దొరకదు.

హెపటైటిస్ సి వ్యవహారం మరింత చిక్కు. దాని ప్రోటీన్‌లో ఒక భాగం మన కాలేయంలోని సీవైపీ2డీ6 ఎంజైమును పోలి ఉంటుంది. అందుకే కొందరు హెపటైటిస్ సి రోగుల రక్తంలోనూ, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు గుర్తుగా చూసే ఎల్‌కేఎం-1 యాంటీబాడీ (ఆ ఎంజైమును గురిపెట్టే ప్రతిరక్షకం) కనిపిస్తుంది. ఒక్క యాంటీబాడీని చూసి తీర్పు చెప్పకూడదు. ఐజీజీ (రక్తంలోని ఒక రకం ప్రతిరక్షకాలు) స్థాయి, చాలా సందర్భాల్లో బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కూడా కావాలి.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ చికిత్స ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని అణచే అజథయోప్రిన్‌లతో సాగుతుంది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. నక్కి ఉన్న బి వైరస్ స్టెరాయిడ్లతో విజృంభించగలదు.

మరో మాట. కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తడం మనకు అలవాటే. తిప్పతీగ వాడినవారిలో ఆటోఇమ్యూన్ తరహా కాలేయ వాపును ముంబయి వైద్యులు 2021లో నివేదించారు. మీ అక్కగారు అలాంటివేమైనా వాడి ఉంటే, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి వెళ్లినా మరెక్కడికి వెళ్లినా డాక్టరుకు దాచకుండా చెప్పండి.