ద్రవ్యరాశి ‘లోపం’ అనాలా, ‘తరుగు’ అనాలా?

సందేహం: మాది హనుమకొండ. డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. హైపర్ కేంద్రకాల (ప్రోటాన్లు, న్యూట్రాన్లతో పాటు లామ్డా లాంటి మరో కణం కూడా ఉండే కేంద్రకాలు) మీద తెలుగులో నోట్సు రాస్తూ ఆగిపోయాను. ‘ద్రవ్యరాశి లోపం’ (మాస్ డిఫెక్ట్) అంటే కేంద్రకంలో ఏదో తప్పుందని పిల్లలు అనుకుంటున్నారు. ‘తరుగు’ అందామంటే అది మార్కెట్ మాట. పుస్తకంలో రాయొచ్చా? ఇలాంటి కేంద్రకాలను పిలిచే ‘ఎక్సోటిక్’ అన్న మాటకు ‘విదేశీ’ అంటే సరేనా?

సమాధానం: ‘తరుగు’ నిక్షేపంగా రాయండి. పౌర్ణమి దాటితే చంద్రుడు తరుగుతాడు, తరగని సిరి అంటాం, అకౌంట్స్ పుస్తకాల్లో ‘తరుగుదల’ ఎప్పుడో చేరిపోయింది. లోపమంటే ఉండాల్సింది లేకపోవడం. విడి కణాల మొత్తం కన్నా కేంద్రకం బరువు తగ్గడం లోపం కాదు, అది కేంద్రకాల స్వభావమే.

తరుగంటే కాంటా దగ్గరి కోతే గుర్తొస్తుందని మీకు జంకు ఉండొచ్చు. అప్పుడు కల్లం చూపించండి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ప్రతి రైతుకూ తెలుసు, పండు మిర్చి ఎండితే తూకం తగ్గుతుంది, తగ్గినంతా తేమగా బయటికి పోయిందే. ప్రోటాన్, న్యూట్రాన్ విడివిడిగా తూస్తే మొత్తం 1877.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (ఇక్కడ బరువునూ శక్తి కొలతలోనే చెబుతాం). రెండూ కలిసి డ్యూటెరాన్ అయితే 1875.6. తరుగు 2.2. అది గామా కిరణంగా వెళ్లిపోయింది. దాన్నే మనం బంధన శక్తి అంటున్నాం.

‘బంధన శక్తి’ అన్న మాటలో తప్పు లేదు, తప్పంతా పక్కన వచ్చే క్రియలో ఉంది. ‘కేంద్రకం బంధన శక్తిని కలిగి ఉంటుంది’ అని రాస్తే అది లోపల దాచిన ముల్లె అనిపిస్తుంది. నిజానికి అది బయటికి పోయిన శక్తి. విడదీయాలంటే అంతా మళ్లీ మనమే పెట్టాలి. అందుకే ‘విడదీయడానికి ఇంత కావాలి’ అని రాయండి.

మీ హైపర్ కేంద్రకాలకు ఈ వాక్యం మరీ బాగా కుదురుతుంది. 1952లో వార్సాలో డానిష్, ప్నియెవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాస్మిక్ కిరణాలు తగిలిన ఫొటో ఎమల్షన్‌లో మొదటిదాన్ని గుర్తించారు. అందులో చేరే లామ్డా కణం, విడిగా ఉంటే సెకనును 400 కోట్ల భాగాలు చేస్తే దాదాపు ఒక్క భాగమే బతుకుతుంది. డ్యూటెరాన్ నుంచి దాన్ని ఊడదీయడానికి సుమారు 0.13 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, తాకితే రాలే పండాకులాంటి పట్టు. అదే సీసం కేంద్రకంలో అట్టడుగు శక్తి స్థాయిలో కూర్చుంటే సుమారు 26 పెట్టాలి. లామ్డా ప్రోటానూ కాదు, న్యూట్రానూ కాదు గనక అవి నిండిన స్థానాలు దానికి అడ్డం కావు.

‘విదేశీ’ మాత్రం వద్దు, పిల్లలు దిగుమతి సరుకనుకుంటారు. ‘విచిత్ర’ కూడా వద్దు, లామ్డాలో ఉండే స్ట్రేంజ్ క్వార్క్ దగ్గర ఆ మాట మీకు మళ్లీ అవసరపడుతుంది. ‘అసాధారణ కేంద్రకాలు’ అనండి.