గొర్రె త్రేన్పు గురించి రాసే ముందు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గొర్రెలు వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గురించి నీవు పంపిన వ్యాసం అందింది. మొదటి వాక్యంలోనే "గొర్రెలు వెనుక నుంచి వదిలే వాయువు" అన్నావు. ముప్ఫై ఏళ్ల క్రితం నేనూ అలాగే రాసి అచ్చు వేయించుకున్నాను. దానిని చదివించుకుని విన్న గొల్ల కాపరి ఒకాయన నవ్వి, ఆ రాత్రి మందకట్టు దగ్గరకు రమ్మన్నాడు. వరి కోసిన మడిలో ఎరువు కోసం కట్టిన మంద అది. లాంతరు వెలుగులో ఒక గొర్రె మెడ చూపించాడు: ముద్ద ఒకటి కింది నుంచి గొంతులోకి ఎగబాకడం, దవడ అటూ ఇటూ ఆడడం, నమిలిన ముద్ద మళ్లీ దిగిపోవడం. ఆ నడుమ చప్పుడు లేకుండా నోటి నుంచి, ముక్కు నుంచి వెళ్లిపోయేదే మనం వెతికే వాయువు. గొర్రె వదిలే మీథేన్‌లో దాదాపు అంతా ఈ దారినే పోతుంది. పత్రికల్లో మనం అన్నింటికీ వాడేస్తున్న 'ఉద్గారం' అనే మాటకు అసలు అర్థం త్రేన్పే. నీ వ్యాసంలో ఆ మాట ఒక్కసారైనా తన సొంత అర్థంతో కూర్చుంటుంది, వదులుకోకు.

ఇక అసలు సంగతి. నీ అంకెలన్నిటి వెనుకా ఒకే ప్రశ్న మిగిలిపోయింది: దేనికి ఎంత? తలకు రోజుకు ఎంత అన్నది ఒక లెక్క, తిన్న కిలో మేతకు ఎంత అన్నది మరొకటి, పెరిగిన కిలో మాంసానికి ఎంత అన్నది ఇంకొకటి. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాలు వర్ధమాన దేశాల గొర్రెకు ఏడాదికి 5 కిలోలు, అభివృద్ధి చెందిన దేశాల గొర్రెకు 8 కిలోలు అని లెక్క వేశాయి. అంటే మన గొర్రె రోజుకు 14 గ్రాములకు దగ్గర. ఇది చూసి మన గొర్రె మంచిదని నీవు తీర్పు చెప్పేశావు. అది చిన్నది, తక్కువ తింటుంది, అందుకే తక్కువ. ఆరు నెలలకు సంతకు వచ్చే పిల్లనూ, అదే బరువుకు ఏడాది పట్టే మన పిల్లనూ పక్కపక్కన పెట్టి మాంసం లెక్క చూస్తే నీ తీర్పు తలకిందులవుతుంది.

మేత దగ్గర నీవు తొందరపడ్డావు. నిలవవలసిన చోటు అదే. గొర్రె కడుపు నాలుగు గదుల్లో మొదటిదైన పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టినప్పుడు ఎసిటేట్ అనే ఆమ్లం తయారై హైడ్రోజన్ మిగులుతుంది. ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ చేసేవి మెథనోజెన్‌లు. అవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే తెగ సూక్ష్మజీవులు. నీ రెండో పేరాలో దిద్దుకో. గింజ, పిండిపదార్థం ఎక్కువైతే ప్రొపియోనేట్ అనే మరో ఆమ్లం వైపు మొగ్గు పెరిగి, ఆ హైడ్రోజన్ అక్కడే ఖర్చవుతుంది. అందుకే ఎండు గడ్డి, కొయ్యకాళ్ల మీద బతికే మందలో కిలో మేతకు మీథేన్ ఎక్కువ, ఉలవపొట్టో పెసరపొట్టో కలిసినప్పుడు తక్కువ. నెమరువేసే పశువు మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలిసిపోతుంది. కాపరికి చెప్పవలసినది ఈ నష్టమే, భూగోళం సంగతి ఆ తరువాత. అలాగని గింజ పెట్టమని సలహా రాసేయకు. కళ్లంలో పడి ధాన్యం మెక్కిన గొర్రె పొట్టలో ఆమ్లం పెరిగి తెల్లవారేసరికి చచ్చిపడి ఉండడం ఇక్కడ చూడని కాపరి లేడు.

దోటితో తుమ్మకొమ్మ వంచి మందకు ఆకు అందించే పద్ధతిని నీవు ఒక్క ముక్కలో దాటేశావు. ఆ ఆకులో, కాయలో ఉన్న, వగరునిచ్చే టానిన్లు మీథేన్‌ను కొంత తగ్గిస్తాయి, మోతాదు మించితే మేత అరగనివ్వవు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ టానిన్లు ఉన్న మొక్కల ఆధారంగానే మేతలో కలిపే 'హరిత్ ధార' తయారుచేసింది. దానితో 17 నుంచి 20 శాతం తగ్గుతుందని 2021లో ప్రకటించింది.

జాతి గురించి రాసిన పేజీ సగానికి తగ్గించు. పొడగరి నెల్లూరు గొర్రె మన గంజాం గొర్రె కంటే రోజుకు ఎక్కువ వదిలితే, అందులో పెద్ద భాగం ఒళ్లుదీ, తిండిదీ. ఒకే మేత మీద పెట్టి కిలో మేతకు చూస్తే జాతుల మధ్య తేడా చాలావరకు కరిగిపోయి, ఒకే మందలోని గొర్రెకూ గొర్రెకూ మధ్య తేడా బయటపడుతుంది. న్యూజిలాండ్‌లో ఆ తేడానే పట్టుకుని తక్కువ మీథేన్ గొర్రెలను ఎంచి పెంచుతున్నారు. వాటిలో పెద్ద పొట్ట చిన్నదిగా ఉండి మేత త్వరగా దాటిపోతుందని తేలింది. కొయ్యకాళ్లు నమిలి బతకవలసిన మన గొర్రెకు చిన్న పొట్ట వరమని నేను మాత్రం అనను.

"వేసవిలో మీథేన్ తగ్గుతుంది" అన్న వాక్యం సగం నిజం. మే నెల మధ్యాహ్నం గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడిపోతాయి, మేత ముట్టవు. కనుక రోజు లెక్క తగ్గుతుంది. కానీ ఎండకు ముదిరిన గడ్డిలో లిగ్నిన్ అనే అరగని పదార్థం పెరిగి, అది పొట్టలో ఎక్కువసేపు నిలిచి, కిలో మేత లెక్క పెరుగుతుంది. చలికి మేత వేగంగా కదిలి మీథేన్ తగ్గినట్టు ఊలు కత్తిరించిన గొర్రెలపై చేసిన ప్రయోగాలున్నాయి గాని, మహేంద్రగిరి నీడలో అంత చలి ఎక్కడిది?

ప్రతి అంకె పక్కన "తలకు", "కిలో మేతకు", "కిలో మాంసానికి" అని పెన్సిలుతో రాసుకుంటూ రా. ఏదీ రాయలేకపోయిన అంకెను కొట్టివేయి. వచ్చే ఆదివారం మహేంద్రతనయ ఒడ్డున మళ్లీ మంద కడుతున్నారు. సాయంత్రం బండికి దిగితే మొదటి పేరా అక్కడే కూర్చుని తిరగరాద్దాం. కంబళి తెచ్చుకో, తెల్లవారుజామున మంచు పడుతోంది.