ఇవ్వడం మానేస్తే అలవాటు మానుతుందా?

ఫలితం దక్కడం ఆగిపోతే నేర్చుకున్న అలవాటు దానంతటదే పోతుందా, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగారు. పోతుంది. అయితే పోయేముందు ఒకసారి విజృంభించవచ్చు. ‘పట్టించుకోకండి, అదే మానుకుంటుంది’ అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మేం భోజనానికి కూర్చుంటే చాలు, మా కుక్క పక్కకొచ్చి మోకాలు గీకేది. అమ్మ అడిగినప్పుడల్లా పెట్టేది. నాన్నగారు మాత్రం పదిసార్లు కసిరి, ఏ పదకొండోసారో బల్ల కింద నుంచి చెయ్యి జార్చేవారు. ఇక ఎవరూ ఏమీ పెట్టొద్దని తీర్మానించుకున్నాం. ఆ రాత్రి అది చేసిన గోల అంతకుముందు ఎన్నడూ వినలేదు. మొరిగింది, మూలిగింది, బల్ల మీదికి కాళ్లెత్తింది. తర్వాత తగ్గుతూ వచ్చింది. అమ్మ దగ్గరికి వెళ్లడం తొందరగానే మానేసింది. నాన్నగారి కుర్చీని మాత్రం వదల్లేదు. ఆయన నిజంగానే మానేశాక కూడా చాలాకాలం ఆయన చేతివైపే చూస్తూ కూర్చునేది.

కారణం నాకు స్పష్టం. ఎప్పుడూ ఇచ్చే చెయ్యి ఆగితే తేడా వెంటనే తెలుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చే చెయ్యి ఆగిందని ఎలా తెలుస్తుంది? అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే. జూదం యంత్రాల ముందు మనుషులు గంటలకొద్దీ కూర్చునేదీ ఇందుకే. అలాంటప్పుడు పిల్లల్ని, జంతువుల్ని ‘మొండిఘటం’ అని తిట్టడం అన్యాయం. ఆ మొండితనాన్ని మధ్యమధ్యలో మెత్తబడుతూ మనమే నేర్పుతాం.

1959లో విలియమ్స్ అనే మనస్తత్వవేత్త రెండేళ్లైనా నిండని ఒక పిల్లాడి గురించి రాశాడు. పడుకోబెట్టి గదిలోంచి వెళ్తే ఏడ్చేవాడు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చినా ఎవరూ లోపలికి వెళ్లలేదు. పదోసారికి ఏడుపే లేదు. ఓ వారం తర్వాత ఇంట్లోని మరో బంధువు ఒక్కసారి వెనక్కి వెళ్లి ఊరడించేసరికి కథ మొదటికొచ్చింది. మళ్లీ అంతా చేయాల్సి వచ్చింది.

పాత అలవాటు చెరిగిపోదు, అణిగి ఉంటుంది, అంతే. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలకు ఒక సంకేతం ఇచ్చి తిండి పెట్టేవాడు, దాంతో ఆ సంకేతానికే వాటికి లాలాజలం ఊరేది. తిండి ఆపేశాక అది ఆగిపోయి, కొంత విరామం తర్వాత అదే సంకేతానికి మళ్లీ ఊరింది. కాబట్టి రోజులు లెక్కపెట్టకండి. మీ ఇంట్లో ముందుగా మెత్తబడేదెవరో చూసి, మొదట వాళ్లతో మాట్లాడండి.