ఆరేళ్ల పాపకి బొమ్మలో దగ్గర, దూరం ఎలా నేర్పించాలి?

పాప ఇల్లు, చెట్టు, మనిషి అన్నీ పేపర్ అడుగున ఒకే గీత మీద నిలబెట్టేస్తోంది అన్నారు కదా, 5-7 ఏళ్ల పిల్లలు చాలామంది అలాగే వేస్తారండి, అది తప్పేం కాదు, స్కేలు పెట్టి పర్‌స్పెక్టివ్ గీతలు (దూరం వెళ్లేకొద్దీ ఒక చుక్క దగ్గర కలిసేలా గీసేవి) మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి, దానికి 9-10 ఏళ్లు రానివ్వండి.

ముందు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం చూపించండి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కలర్ పేపర్లో రెండు మూడు కొండలు, ఒక ఇల్లు, ఒక చెట్టు కత్తిరించి ఇచ్చేసి తననే అటూ ఇటూ జరుపుకోమనండి, ఇంటికి అడ్డంగా చెట్టు పెట్టగానే ఇల్లు వెనక్కి వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది, అది కళ్లారా చూశాక మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు. పెన్సిల్‌తో వేసేటప్పుడు ముందున్నదాన్నే ముందు గీయమనండి, లేకపోతే చెట్టులోంచి ఇంటి గోడ గీత కనిపిస్తుంది, రబ్బరుతో చెరిపి చెరిపి పిల్లలు విసిగిపోతారు పాపం.

తర్వాత సైజు. నేల మీదవి దూరం వెళ్లేకొద్దీ చిన్నవవుతాయి, పేపర్లో పైకి జరుగుతాయి. డాబా మీదకి తీసుకెళ్లి, ఒక కన్ను మూసుకుని బొటనవేలితో దూరపు బిల్డింగ్‌ని దాచమనండి, ఎంత సరదా పడతారో!

రంగులు ఆఖర్న. దూరపు కొండలు లేత నీలంగా కనిపించేది మధ్యలో గాలి వెలుగుని చెదరగొట్టడం వల్ల, అందుకే వెనక కొండకి వాటర్ కలర్లో నీళ్లు ఎక్కువ కలిపి లేతగా వేయించండి, ముందున్న చెట్టుకి ముదురు రంగు. క్రేయాన్స్ అయితే వెనకవాటికి మెల్లగా రుద్దితే చాలు.