అమ్మానాన్నల మధ్య రాయబారం

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. మాది ఖమ్మం. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నాను. నాలుగు నెలల క్రితం నాన్న అమ్మకు చెప్పకుండా బాబాయికి రెండు లక్షలు అప్పిచ్చారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏదున్నా నాతోనే. ‘గ్యాస్ అయిపోయిందని మీ నాన్నకు చెప్పు’ అని అమ్మ, ‘కరెంటు బిల్లు కట్టిందేమో మీ అమ్మను అడుగు’ అని నాన్న. సిలిండర్ వచ్చినప్పుడు కోడ్ నాన్న ఫోన్‌కి వస్తుంది, దానికీ నేనే ఫోన్ చెయ్యాలి. గొడవ పెరగకూడదని మాటలు కొంచెం మార్చి చెప్పేదాన్ని. అది తెలిసిపోయి పోయిన వారం ఇద్దరూ నన్నే తిట్టారు. రాత్రిళ్లు అమ్మ నా మంచం మీద కూర్చుని నాన్న గురించి చెప్పి ఏడుస్తుంది. ఆ తర్వాత చదువు బుర్రకెక్కదు. వాళ్లను కలపడం ఎలా? సెకండియర్‌కి హాస్టల్లో చేరిపోతే నయమా? తమ్ముడు ఏడో తరగతి.

జవాబు: మాటలు మార్చి చెప్పడం పెద్ద తప్పయినట్టు రాశావు. అమ్మ ‘ఆ మనిషికి చెప్పు’ అన్నది నాన్న దగ్గరికి వెళ్లేసరికి ‘అమ్మ అడుగుతోంది నాన్నా’ అయి ఉంటుంది. అంతేగా? ఇల్లు రచ్చకెక్కకూడదని చేశావు. కృష్ణుడంతటివాడు రాయబారానికి వెళ్తేనే కురుక్షేత్రం ఆగలేదు. బోటనీ బొమ్మలు వేసుకునే పిల్లవి, నీ వల్ల ఎక్కడ ఆగుతుంది?

కలపడం ఎలా అని అడిగావు. ఆ పని నీది కాదమ్మా. అప్పు ఇచ్చింది నాన్న, నొచ్చుకుంది అమ్మ. తేల్చుకోవాల్సింది వాళ్లిద్దరే. నువ్వు చెయ్యగలిగింది వేరే ఉంది: మోయడం మానెయ్యడం.

ముర్రే బోవెన్ అనే అమెరికా సైకియాట్రిస్టు ఏళ్ల తరబడి కుటుంబాలను గమనించి ఒక సంగతి చెప్పాడు. ఇద్దరి మధ్య టెన్షన్ తట్టుకోలేనంత అయితే, వాళ్లు మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారు. దీనికి ఆయన పెట్టిన పేరు ట్రయాంగిల్, మన మాటల్లో ముక్కోణం. అప్పుడు ఆ ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది, బరువు మాత్రం మూడో మనిషి మీద పడుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. నాలుగు నెలలు మాట్లాడుకోకుండా సంసారం ఎలా నడిచింది? నువ్వు నడిపావు కాబట్టి. గ్యాస్ వచ్చింది, బిల్లు కట్టారు, కూరగాయలు వచ్చాయి. మాట్లాడుకోవాల్సిన అవసరమే వాళ్లకు పడలేదు. నీ సాయంతోనే ఆ మౌనం ఇన్నాళ్లు సాగింది. నిన్ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, మానేస్తే ఏమవుతుందోనన్న భయం పోవాలని చెబుతున్నాను.

చెప్పాపెట్టకుండా మానెయ్యకు. అలిగావనుకుంటారు. ఇద్దరికీ విడివిడిగా, ఒకే మాట, ఒకే రోజు చెప్పు. నాన్నతో ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే మన ఇళ్లల్లో ఆడపిల్లలకు నోరు పెగలదు. కాలేజీకి బండి మీద దింపే అలవాటుంటే ఆ పది నిమిషాలు మంచి సమయం. ముఖాలు కనపడవు, మాట తేలిగ్గా వస్తుంది. ‘నాన్నా, అమ్మకు చెప్పాల్సినవి ఇక నాతో పంపొద్దు. మధ్యలో నాకు కడుపులో తిప్పినట్టుంటోంది, చదవలేకపోతున్నాను’. ఇంతే. ‘మీరిద్దరూ ఎప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టావా, ఆయన తన వాదన ఎత్తుకుంటారు. తప్పెవరిదన్న ఊసే వద్దు. నీకేమవుతోందో చెప్పు. దాన్ని కాదనడానికి ఆయన దగ్గర మాట ఉండదు.

అమ్మ విషయం ఇంకా కష్టం. ఆమెకు చెప్పుకోవడానికి ఎవరూ లేకే నీ మంచం దగ్గరికి వస్తోంది. వద్దు పొమ్మంటే ఇద్దరికీ గాయమే. పక్కన కూర్చో, చెయ్యి పట్టుకో. ‘అమ్మా, నువ్వు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. కానీ నాన్న గురించి విన్న రాత్రి నాకు నిద్ర పట్టదు. అవి పిన్నితోనో నీ స్నేహితురాలితోనో చెప్పుకోవా?’ అను. ఒక్కసారికి మానదు. మళ్లీ మొదలెడితే గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ చెప్పు. ‘నువ్వూ మీ నాన్న పార్టీయేనా’ అనొచ్చు. గుచ్చుకుంటుంది. ‘నాకు ఇద్దరూ కావాలమ్మా’ అని ఊరుకో. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.

మొదటి వారం ఇల్లు గందరగోళంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. పాలు రెండుసార్లు రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఉగ్గబట్టుకో. గ్యాస్ కుర్రాడు గుమ్మంలో నిలబడి కోడ్ అడిగితే అమ్మే నాన్నకు ఫోన్ చెయ్యాలి. నాలుగంకెలు చెప్పడానికైనా ఒకరి గొంతు ఒకరు వింటారు. గోడ క్యాలెండర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీసి, కావాల్సినవి ఎవరివి వాళ్లు రాసుకోమనొచ్చు. తమ్ముడికి జ్వరం లాంటిది వస్తే ఈ పట్టింపులు పక్కన పెట్టి ఇద్దరికీ చెప్పెయ్.

పెద్దమనుషులను పిలవాలా అని నీకు అనిపించవచ్చు. అప్పు బాబాయిది కాబట్టి నానమ్మ వైపు వాళ్లూ అమ్మమ్మ వైపు వాళ్లూ ఈ గొడవలో ఇప్పటికే చెరో పక్షం. పదిమందిని కూర్చోబెట్టి చేసే పంచాయితీ పాత లెక్కలన్నీ బయటికి లాగుతుందని నా అనుభవం. ఇద్దరూ గౌరవించే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ఒక్కరిని పిలవడం కూడా వాళ్ల ఇష్టానికే వదిలెయ్.

నీకు మరీ ఉక్కిరిబిక్కిరిగా ఉంటే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్. ప్రభుత్వానిదే, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. కొట్టుకోవడం గురించి నువ్వేమీ రాయలేదు. ఒకవేళ అలాంటిది ఉంటే మాత్రం నేను పైన చెప్పినవన్నీ పక్కన పెట్టు. పిల్లలకు 1098, అమ్మకు 181, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112.

ఈ పేజీ మీ అమ్మానాన్నల కంటపడితే వాళ్లకూ ఒక మాట. మీరు పిల్లల ముందు అరుచుకోవడం లేదు, మంచిదే. కానీ మీ అమ్మాయికి ఆ నిశ్శబ్దమంతా వినపడుతోంది. అప్పు సంగతి తేలడానికి ఆర్నెల్లు పట్టినా పట్టనీయండి, ‘భోజనానికి రండి’ అనే మాట నేరుగా అనుకోవడానికి అది తేలాల్సిన పనిలేదు.

ఇక హాస్టల్. చదువు కోసమైతే వెళ్లు, తప్పించుకోవడానికైతే తొందరపడకు. ఆదివారం వచ్చే ఆ పది నిమిషాల ఫోన్‌లోనూ ఇవే కబుర్లు వినాల్సి రావచ్చు. పైగా నువ్వు వెళ్లిన మర్నాటి నుంచే ‘మీ నాన్నకు చెప్పరా’ అనేది తమ్ముడి వంతు అవుతుంది. ముందు ఇంట్లో ఈ అలవాటు మాన్పించి చూడు. హాస్టల్ సంగతి నీ పరీక్షలయ్యాక ఆలోచించుకోవచ్చు.